ఎర్రగుడ్డ కట్టిన పొద

గర్ర్‌ర్ర్... గడ్డి కోసే మెషీన్ పెరట్లోకి వచ్చేసింది.

స్పందన కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుంది. పేరుకి స్పందనే గాని, భయం వేస్తే స్పందనంతా గుండెలోనే. కాళ్లలో చుక్క ఉండదు!

భయం మెషీనంటే కాదు. పొదంటే.

వానలకి ఆ రైల్వే క్వార్టర్ పెరట్లో గడ్డి స్పందన నడుం దాకా ఎదిగింది. మూలనున్న ముళ్లపొదలోంచి రోజూ ఒకటే గొంతు. "ఊప్... ఊప్... ఊప్..." ఉప్పు కావలిస్తే పక్క క్వార్టర్ అచ్చియమ్మగారైతే తలుపు కొట్టి అడుగుతుంది. పొదలో కూర్చుని అడిగేదెవరు?

నాన్న శివాజీ ట్రాక్‌మన్. పట్టాల మీద ఎర్రజెండా పాతితే రైలంత రైలూ ఆగుతుంది. పొద్దున్న డ్యూటీకి వెళ్తూ ఆయన పొదకి ఎర్రగుడ్డ కట్టాడు.

"అమ్మా, గడ్డి అంతా కోయించీ. ఎర్రగుడ్డ కాడ మాత్రం ముట్టుకోవద్దని చెప్పు" అని మామ్మతో అనేసి సైకిలెక్కాడు.

పొద మిగిలితే ఆ గొంతూ మిగులుతుంది! నాన్న వీధి మలుపు తిరగగానే స్పందన బట్టలారేసే పొడుగు కర్రతో, దూరం నుంచే ఆ గుడ్డ లాగేసింది. ఇప్పుడది గౌను జేబులో ఉంది.

"ఏటే గుంటా, అలగ నీలుక్కుపోనావు?" అంది మామ్మ అప్పయమ్మ. "మెషీన్ రాంప్రసాద్‌కి చెప్పీసేన్లే, ఎర్రగుడ్డ కనబడితే ఆగిపోమని."

"మామ్మా... ఆ పొదలో ఏముంది?"

"జెముడుకాకి గూడెట్టింది. పిల్లలు కూడానూ. పాంపిల్లల్ని తినీసీ పిట్టే అది!"

"మరి ఊప్ ఊప్?"

"దాని గొంతే, ఎర్రిమొగమా!"

అప్పుడే రాగి రంగు రెక్కల పిట్టొకటి, ముక్కున తొండతో పొదలోకి దూరింది.

స్పందన జేబు మీద చెయ్యి వేసుకుంది. మెషీన్ పొద వైపే తిరుగుతోంది.

"మామ్మా, ఆపమను!"

మామ్మ అరిచింది. ఆ మోతలో ఆవిడ కేక ఆవిడకే వినపడలేదు.

స్పందన పెరట్లోకి ఉరికింది. 'పద' అంది గుండె. 'అమ్మో, పొద' అన్నాయి కాళ్లు. ముందంతా గడ్డి. ఏ అడుగు కింద ఏ పాముందో!

కళ్లనిండా నీళ్లతో గడ్డిలో పడి పరుగెత్తింది. పొద ముందు నిలబడి, రెండు చేతులతో ఎర్రగుడ్డ పైకెత్తింది. వెనక నుంచి "బుస్స్" మంది. అయినా స్పందన కదల్లేదు.

మెషీన్ ఆగింది.

"అరే బేటీ!" ఎర్రగుడ్డ ఇందాక ఏమైందని అడిగాడు రాంప్రసాద్. "లాల్ కపడా పహలే కహాఁ థా?"

"మైనే హీ నికాలా, అంకుల్." తీసింది తనేనని చెప్పేసరికి ఏడుపొచ్చేసింది.

మెల్లగా వెనక్కి తిరిగింది. ముళ్ల మధ్య గూట్లో నల్లటి పిల్లలు రెండు. ఒంటి నిండా ముసలాళ్లకున్నట్టు తెల్లవెంట్రుకలు. నోళ్లు తెరిచి బుస కొడుతున్నాయి. చూస్తే భయమే. కాని వాటి చిన్న రొమ్ములు టపటపా కొట్టుకుంటున్నాయి.

వాటికీ స్పందనంతా గుండెలోనే!

ఆమె గుడ్డని పొదకి కట్టింది. ఒక ముడి చాలదనిపించి మూడు వేసింది.

సాయంత్రం నాన్న కిటికీలోంచి చూసి ఆగాడు. "ఈ మూడు ముడులు నేనెయ్యలేదే!"

"నేనే వేశాను నాన్నా. పొద్దున్న మీ గుడ్డ లాగేసిందీ నేనే."

ఆయన ఏదో అనబోయాడు.

"ఊప్... ఊప్..."

స్పందన ఉలిక్కిపడింది. అయినా కిటికీ మూయలేదు.