అప్పడాల మీద డబుల్ డెక్కర్ నీడ

థామస్ లాంటి అన్న పగవాడికి కూడా వద్దు. ఆమదాలవలసలో తండ్రి వదిలిపోయిన ఖాళీ జాగాని తమ్ముడికి మాటైనా చెప్పకుండా బేరం పెట్టేశాడు.

"సంతకం ఎట్టు. సాయంత్రం దాకా జాగాలో ఉన్న నీ బస్సు జోలికి ఎవుడూ రాడు. కోర్టుకెల్తావా, ఎల్లు. ఈలోగా పాత ఇనుము కొనేవోళ్లు దాన్ని కోసుకుపోతారు," అన్నాడు.

తమ్ముడు ఎలీషా సంతకం పెట్టేశాడు. పోట్లాడే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఆ డబుల్ డెక్కర్ హైదరాబాదులో జనాన్ని మోసినన్నాళ్లూ దాని మెకానిక్కు అతనే. వేలంలో తుక్కు కింద పోతుంటే కొని తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆదివారం చర్చి అవగానే ఇంజన్ తిప్పి బతికిస్తున్నాడు. ఆ ధ్యాసలో పెళ్లి సంగతే మరిచాడు.

ఇంజన్ నల్లగా దగ్గింది. గోడ మీంచి పక్కింటి స్వర్ణ తొంగి చూసింది. చిన్నప్పుడే మొగుడు పోతే అప్పడాలు అమ్ముకుని బతుకుతున్న మనిషి. వాటి మీద బస్సు నీడ పడుతోందని ఏళ్లుగా తగవే.

"ఏటి మేస్త్రీ, ఇయ్యాల ఆదివారం కాదు కదా?"

"బస్సు తీసుకెల్లిపోతన్నాను. నీ అప్పడాలకి ఎండొస్తాది, సంతోషించు."

"ఎక్కడికి?"

"తెలీదు."

"బాగున్నాది! దారి పొడుగునా కేబుల్ వైర్లు. ఎవుడు ఎత్తుతాడు, మీ అన్నా?"

స్వర్ణ బట్టల దండేనికి ఊతంగా ఉన్న పంగలకర్ర పీకింది. తడిబట్టలు నేల మీద పడ్డాయి. వెనక్కి చూడకుండా వచ్చి బస్సెక్కింది.

"నా కేబిన్ వేరు, అరిస్తే ఇనపడదు. ఆ గంట తాడు లాగు. ఒక గంట కొడితే ఆగుతాను, రెండు కొడితే కదుల్తాను."

"ఇరవై ఏళ్లు అరిసినా ఇనపడ్లేదు, తాడు లాగితే ఇనపడతాదేటి?"

పై కిటికీలోంచి ఆమె వైరు ఎత్తడం, కింద బస్సు దూరడం. అలా ఊరు దాటారు. రోడ్డు చీలిన చోట ఎలీషా ఆపి దిగాడు. చినుకులు మొదలయ్యాయి.

"ఎటెల్లాలో తోస్తలేదు స్వర్ణా."

"శ్రీముఖలింగం దారి పట్టు. మా అయ్య నాకిచ్చిన జీడితోట ఉన్నాది. దీని నీడ అక్కడ ఎవరికీ అడ్డం కాదు."

"బస్సుకి సోటిస్తన్నావు. మరి నాకో?"

పై కిటికీలో తల మాయమైంది.

ఎలీషా కేబిన్‌లో కూర్చున్నాడు. అడక్కుండా ఉండాల్సింది, ఈ వయసులో.

టింగ్.

ఒకటే. ఆగమని. ఇంజన్ ఆపేయబోయాడు.

టింగ్.

స్వర్ణ పై కిటికీలోంచి వానలోకి తల పెట్టి అరిచింది. "పద బావా, తడిసిపోతన్నాను!"

బస్సు కదిలింది. సంతకం పెట్టించుకుని అన్న లాక్కున్నది, స్టేషన్ రోడ్డులోని ఆ తండ్రి జాగాలో ఎలీషా సగం వాటా, సరిగ్గా ఏడున్నర సెంట్లు, అంతే.