తాళంచెవుల దుకాణం

గోదావరిఖనిలో డిటెక్టివ్ నర్సింగం ఆఫీసుకు వచ్చిన మహబూబీ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. రామగిరి పక్క పల్లె ఆమెది. ఉన్న ఒక్క కిరాణం మూతపడితే ఊరోళ్లే, ఒకరు తరాజు, ఒకరు బల్ల తెచ్చి, జీతం లేకుండా వంతులేసుకుని దుకాణం నడుపుకుంటున్నారు. డ్యూటీకో పొలానికో పోయేవాళ్లు ఇంటి తాళంచెవి కూడా అక్కడి మేకుకే తగిలించి పోతారు. అంత నమ్మకం.

ఆ నమ్మకమే మంటగలిసింది. జమున ఇంట్లో తాళం పగలకుండానే ఆమె కొడుకు శివ సర్టిఫికెట్ల సంచి మాయమైంది. తండ్రి బొగ్గుబాయిలో ప్రాణం పోగొట్టుకున్నాక శివకు ఆ బాయిలోనే ఉద్యోగం వచ్చింది. రేపు ఆ కాగితాలు చూపకపోతే చేజారిపోతుంది. సంచి పోయిన రోజు జమున తాళంచెవి ఆ మేకుకే ఉంది, దుకాణంలో వంతు మహబూబీది. ఇంకేముంది, ఊళ్లో నోళ్లకు పని దొరికింది.

"అందరు తాళంచెవులు తీస్కపోయిన్రు సారూ. దుకాణం మూసేస్తరట. సిగ్గుతోని నేను అటు దిక్కు పోతలేను, తెల్లారికెల్లి జముననే చూస్తున్నది. మొన్న నేను దింపించిన దొడ్డుప్పు బస్తా అప్పుడే ఒడిసి ఖాళైందని చెప్తున్నదట. గంత గిరాకీ ఉన్న దుకాణం నా మూలంగ మూతబడుతున్నది."

అసిస్టెంట్ హర్షిణి బీరువా, కిటికీ, వేలిముద్రలంటూ గుక్కతిప్పుకోకుండా అడిగింది. నర్సింగం ఒక్కటే అడిగాడు, ఊళ్లో ఈ వారం పెండ్లిళ్లు గానీ, పచ్చళ్లు పెట్టడం గానీ ఉన్నాయా అని. లేవంది మహబూబీ.

సాయంత్రం ఊరంతా దుకాణం ముందు చేరింది. మేకులన్నీ బోసిగా ఉన్నాయి. తరాజు వెనక జమున ఓ బస్తా మీద కూర్చుంది. అందరూ దొంగ పేరు కోసం చూస్తుంటే నర్సింగం కిలో దొడ్డుప్పు అడిగాడు. ఆయనంటే ప్రాణం పెట్టే హర్షిణికే చిరాకేసింది.

"ఒడిసింది," అంది జమున.

"మరి నువ్వు కూసున్నదేంది అక్కా?"

జమున లేవలేదు. నర్సింగం గొంతు తగ్గించి చెప్పాడు. పెండ్లి లేదు, పచ్చళ్లు లేవు, బస్తా ఉప్పు ఇంత జల్ది ఒడవదు. తాళం పగలలేదంటే ఎవరో తాళంచెవి వాడారనే కాదు, తాళం వేయకముందే సంచి ఇల్లు దాటి ఉండొచ్చు. ఆ పని జమునకే వీలు. తెల్లారి తన వంతులో ఉప్పులో దాచి, ఆ ఉప్పు ఎవరికీ అమ్మలేదు.

శివ తల్లిని మెల్లగా లేపి, బస్తాలో చెయ్యి పెట్టి సంచి తీశాడు.

"కాలబెడ్దామనుకున్న. అండ్ల మీ నాయిన పేరున్నది, చేతులు రాలే," అంది జమున. "ఆయన్ని మింగిన బాయిలకు నిన్నెట్ల తోలుదు బిడ్డా? మహబూబక్కా, నిన్ను తిడుతుంటే గూడ నోరు మూసుకొని కూసున్న."

పోక తప్పదన్నాడు శివ, తల వంచుకుని. కేసు తేలినందుకు హర్షిణికి మొదటిసారి ఏడుపొచ్చింది.

మహబూబీ కొంగున ఉన్న తన ఇంటి తాళంచెవి విప్పి మేకుకు తగిలించి, జమున పక్కన కూర్చుంది. జమున దారి దిక్కు చూసింది.

"రేపటికెల్లి వంతు రోజూ నాకే ఇయ్యుండ్రి అక్కా. శివ వాపసొచ్చే డ్యూటీ బస్సు ఈడికెల్లి కనబడతది."