ఎడమ చెయ్యి ముందు

"ఇవి కాళ్లకు కట్టుకోండి," అంటూ వెదురుబద్దల పట్టీలు అందించింది చిహో.

వాటివైపు నేను చూడనైనా చూడలేదు. "మీ కర్ర నా కాళ్లదాకా వస్తే కదా."

బడికి వెళ్లే వయసు నుంచి కెండో కత్తిసాము ఆడుతున్నవాణ్ణి మరి. వెదురు కత్తి పట్టుకుంటే మా ఉవాజిమా ఊళ్లో నా ఎదుట నిలిచేవాళ్లు తక్కువ. జిమ్‌లో సగం హాలు మా కెండో మగాళ్లది, తక్కిన సగం నగినాతా నేర్చుకునే ఆడవాళ్లది. నగినాతా అంటే మనిషిని మించిన కర్ర, దాని చివర వంపు తిరిగిన కత్తి; సాధనకైతే అది వెదురుదే. మాకూ వాళ్లకూ మధ్య నేలమీద ఒక టేపు గీత. ఆ గీత దాటి, సరదాగా ఒక ఆట ఆడదామా అని చిహోను అడిగింది నేనే. కర్రేమో పొడుగు, పట్టుకున్న పిల్లేమో పొట్టి. చూస్తే నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. దెబ్బ తలమీదకు వస్తోందని కత్తి పైకెత్తాను. ఆమె చేతుల్లో కర్ర ఎలా తిరిగిందో ఏమో, మోకాలి కింద ఎముకమీద ఠప్పున పడింది. కెండోలో కాలిమీద కొట్టడం ఉండదు కాబట్టి, అక్కడ అంత నొప్పి పుడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒంటికాలిమీద గెంతుతూ గీత ఇవతల పడ్డాను.

"వస్తే కదా అన్నారు. వచ్చింది," అంది చిహో, ఐసు సంచి నా చేతిలో పెడుతూ.

"అసలు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మీరు నా ముందు చెయ్యి చూస్తున్నారు. అది వెనక్కి పోయింది, వెనకది ముందుకొచ్చింది. మీరింకా పాత చోటే చూస్తూ కూర్చున్నారు."

మరుసటి వారమే నేను గీత దాటి అటువైపు చేరిపోయాను. మా కెండోవాళ్లు ఊరంతా టముకు వేశారు. హమగుచి అని మా ఇంటిపేరు రాసిన కొట్లో చేప వడలు వేయిస్తూ మా అమ్మ, "కాలికి దెబ్బ తగిలితే డాక్టరు దగ్గరికి పోతారు గానీ, కొట్టిన పిల్ల దగ్గరికే పోతారట్రా ఇత్సుకీ," అంది.

నగినాతా నేర్పేది చిహో అమ్మమ్మ, ఫుసాఎ గురువుగారు. జుట్టంతా తెల్లబడినా నడుము మాత్రం వంగలేదు. కర్ర పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆవిడ నిట్టూర్చారు.

"అది కత్తి కాదు నాయనా, అలా దగ్గరదగ్గరగా పట్టుకోడానికి. చేతులు ఎడంగా పెట్టు. ఎడమ చెయ్యి ముందు. ఒళ్లు పక్కకి తిప్పు. ముందు చేతిలోంచి కర్ర జారాలి, దాన్ని బిగించకు."

చెప్పడం సులువే. కెండోలో జీవితమంతా కుడి చెయ్యే ముందు. ఏం చెప్పినా నా కుడి చెయ్యి, పిలవని పెళ్లికి వచ్చినట్టు, ముందుకొచ్చి కూర్చునేది. ఇంటి దగ్గర మూకుట్లో తిప్పే పొడుగు గరిటెతో చేతులు మార్చడం సాధన చేస్తుంటే, నూనె చిందిందని అమ్మ గరిటె లాక్కుంది.

ఇంత తిప్పలు ఎందుకంటే, వసంతంలో మత్సుయామాలో జంటల పోటీ ఉంది. జంటలో ఒకరు ముందే అనుకున్న వరసలో దాడి చేస్తారు, ఇంకొకరు కాచుకుంటారు. ఒంటిమీద కవచాలు ఉండవు. కత్తి చర్మానికి తగలకుండా ఆగాలి. రెండు జంటల్లో ఎవరు బాగా చేశారో న్యాయనిర్ణేతలు జెండాలెత్తి చెబుతారు. చిహోతో ఆడే అమ్మాయి పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. గురువుగారు తేల్చి చెప్పేశారు: "చెర్రీలు పూసేలోపు చేతులు మార్చడం వస్తే ఈ అబ్బాయి. లేకపోతే హైస్కూలు పిల్లతో ఆడు."

చిహోకు ఆ పోటీ గెలవాలి. నాకు ఆమె ఎదురుగా నిలబడే ఆ చోటు కావాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

చలికాలం గడిచేసరికి పట్టు కుదిరింది. గురువుగారితో ఆడితే కర్ర వెన్నలా జారేది. చిహోతో ఆడితే మాత్రం, చేతులు మార్చాల్సిన చోట కుడి చెయ్యి బిగుసుకుపోయేది.

"మళ్లీ ఇరుక్కుంది," అంది చిహో విసుగ్గా. "నాతోనే ఎందుకలా?"

"కర్ర గరుకుగా ఉందేమో."

"ఇందాక అమ్మమ్మతో ఇదే కర్ర కదా."

గోడ పక్కన టీ తాగుతున్న గురువుగారు తల ఎత్తకుండానే అన్నారు. "మనసు ఆగిన చోటే చెయ్యీ ఆగుతుందమ్మాయ్. నా మొహంలో ఆగడానికేముంది, అందుకని నాతో జారుతోంది."

క్లాసులో కిసుక్కుమని ఒక నవ్వు, దాని వెనక పది. నా చెవులు మండిపోయాయి. చిహో కర్ర గోడకు ఆనించి, నాతో మాట్లాడకుండా ఇంటికెళ్లిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

తర్వాతి క్లాసుకు వెళ్లేసరికి వాన. జిమ్ చూరు కింద చిహో నిలబడి ఉంది.

"అమ్మమ్మ అన్నది నిజమేనా?"

"ఏది?"

"ఏదో మీకు తెలుసు."

చూరు నీళ్లు మా ఇద్దరి బూట్లనూ తడుపుతున్నాయి. "నిజమే," అన్నాను.

"అయితే అది దాచడానికే కర్ర బిగిస్తున్నారన్నమాట. దాచడం మానెయ్యండి, హమగుచి గారూ. జారుతుందేమో చూద్దాం."

"మరి మీ సంగతి?"

"ముందు పోటీ కానివ్వండి," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నా చెయ్యి జారింది. చెర్రీలు పూయకముందే ఆ చోటు నాదైంది.

మత్సుయామాలో ఫైనల్ దాకా ఎక్కడా తడబడలేదు. పిలుపు కోసం కూర్చుని ఉండగా అన్నాను: "గెలిచినా ఓడినా, రేపు మా కొట్టుకు వస్తారా? మా అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది."

చిహో కర్రవైపు చూస్తూ తల ఊపింది.

ఆట మొదలైంది. చిహో చేతులు మార్చి నా కాలిమీదకు రావాలి, నేను కాచుకోవాలి. మొదటిరోజు నన్ను గెంతించిన దెబ్బే అది. నేను సిద్ధంగా ఉన్నాను. దెబ్బ రాలేదు. చిహో ఎడమ చెయ్యి కర్రకు అతుక్కుపోయింది. కత్తి గాల్లో సగంలో ఆగింది. ఆమె కళ్లు నా మొహంమీద ఉన్నాయి.

జెండాలన్నీ అవతలి జంటకే లేచాయి.

తలలు వంచుకుని గురువుగారి ముందుకెళ్లి నిలబడ్డాం. ఆవిడ మనవరాలి ఎడమ చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు.

"కర్ర పట్టిన దగ్గర్నుంచి ఈ చెయ్యి ఒక్కసారీ ఇరుక్కోలేదే."

"కర్ర గరుకుగా ఉంది అమ్మమ్మా," అంది చిహో. ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు.

గురువుగారు నావైపు తిరిగారు. "అబ్బాయ్, రేపు నేనూ వస్తున్నానని మీ అమ్మతో చెప్పు. వడలు వేడిగా ఉండాలి."

బయట మళ్లీ వాన. మా ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. అలవాటుకొద్దీ దాన్ని ఎడమ చేత్తో వదులుగా పట్టుకున్నాను. చిహో నా చేతిమీద తన చెయ్యి వేసింది.

"దీన్ని మాత్రం గట్టిగా పట్టుకో, ఇత్సుకీ."