మూడో వరుసలో ఖాళీ

ఉదయం ఎనిమిదీ పది. వాంకూవర్, చైనావాళ్ళుండే పెండర్ స్ట్రీట్.

ఫాంగ్ వంశ సంఘం మూడో అంతస్తులో పూర్వీకుల పేర్లు రాసి పూజించే చెక్క పలకలు నూట పన్నెండు ఉండాలి. నూట పదకొండే ఉన్నాయి.

మూడో వరుసలో ఒక ఖాళీ. దాని ముందు టీ కప్పు. కప్పు పక్కన ఎర్రటి పులుపు మిఠాయి బిళ్ళల పొట్లం.

డిటెక్టివ్ కోరిన్ సీటో ఆ పొట్లాన్ని చాలాసేపు చూసింది. ఆమె ఈ వీధిలోనే పెరిగింది. తాత కిరాణా కొట్టు తనే అమ్మేసింది. ఇప్పుడక్కడ బబుల్ టీ షాపు. ఇటు వచ్చినప్పుడల్లా తప్పు చేసినదానిలా అవతలి పేవ్‌మెంట్ మీద నడుస్తుంది.

"బిల్డింగ్ అమ్మేశాం మేడమ్. పలకల్ని కొత్త హాలుకి తీసుకెళ్ళడానికి పదకొండుకి లారీ వస్తుంది," అన్నాడు సెక్రటరీ డెల్బర్ట్ ఫాంగ్. "ఒక్కటి తగ్గినా పెద్దలు నా తోలు వలుస్తారు."

"పోయింది ఎవరిది?"

"ఫాంగ్ డాట్‌ది. లాండ్రీ నడిపేవాడు. చనిపోయి నలభై ఏళ్ళు."

"తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గర, ప్యాకింగ్ చేసే రస్సెల్ దగ్గర, వాచ్‌మన్ వింగ్-సౌ దగ్గర. ఆ ముసలాయనే తీసుంటాడు. అమ్మొద్దని మీటింగ్‌లో ఒకటే గోల. రుజువైతే మా వృద్ధుల ఇంట్లో ఆయనకిస్తామన్న గది కట్!"

రస్సెల్ గోడకు ఆనుకుని గమ్ నములుతున్నాడు.

"రాత్రి ఎక్కడున్నారు?"

"హాకీ మ్యాచ్‌లో. ఆరున్నరకే తాళం వేశాను. ఈ చెక్కముక్కలు నాకెందుకండీ?"

"ఈ పొట్లం మీదేనా?"

"అదేంటో కూడా తెలీదు."

"పారెయ్యండి మేడమ్, ఎలుకలొస్తాయి," అన్నాడు డెల్బర్ట్.

కోరిన్ పారెయ్యలేదు. సంఘం రిజిస్టర్ తెప్పించి చూసింది. ఫాంగ్ డాట్‌కు ఒక్కడే కొడుకు. పేరు వింగ్-సౌ. 1951లో పద్నాలుగేళ్ళప్పుడు చైనా నుంచి వచ్చాడు. ఇక్కడి వాచ్‌మన్ ఆయనే.

పది గంటలకు రెండో అంతస్తులో ఆయన గది తలుపు తట్టింది.

బల్ల మీద పలక ఉంది. రెండు చెక్కల పలక అది. పై చెక్క తీసి ఉంది. లోపల కొత్తగా రాసిన అక్షరాల సిరా ఇంకా ఆరలేదు.

"రామ్మా కోరీ. టీ తాగుతావా?" అన్నాడు వింగ్-సౌ, చిన్నప్పటి పిలుపుతో.

"మీ నాన్న పలకే కదా తాతా. అడిగి తీసుకోవచ్చుగా. దొంగతనంగా ఎందుకు?"

ముసలాయన కప్పులో టీ పోశాడు.

"లాండ్రీ పెద్దాయనకి పులుపు బిళ్ళలు ఎవరు పెడతారు? అది చిన్నపిల్లాడికి పెట్టింది. ఈ వీధి పిల్లలందరికీ అవి మీరే కొనిచ్చేవారు, నాతో సహా. డాట్‌కి ఒక్కడే కొడుకు, అది మీరు. మీరు బతికే ఉన్నారు. మరి ఆ పిల్లాడెవరు?"

"వింగ్-సౌ," అన్నాడాయన. "పదకొండేళ్ళకి ఊళ్ళో జ్వరమొచ్చి పోయాడు. వాడి కాగితాలు మా అమ్మ కొంది. వాడి పేరుతో వచ్చాను. అప్పట్లో ఇక్కడున్నవాళ్ళ పిల్లల్ని తప్ప రానిచ్చేవారు కాదు, సగం వీధి అలా వచ్చినవాళ్ళే."

"మీరు ఫాంగ్ కాదన్నమాట."

"కాదు. వాడి పేరుతో నేను తిరుగుతుంటే వాడు పోయాడని ఎవరు రాస్తారు? అరవై ఎనిమిదేళ్ళు వాడికి ఒక్క అగరొత్తి లేదమ్మా. వాడి వంతు నేనే తినేశాను. పలకలు వెళ్ళిపోయేలోగా వాళ్ళ నాన్న పక్కన వాడి పేరు రాద్దామని..."

కోరిన్ పై చెక్కను తనే మూసింది.

పదీ నలభైకి పలక దాని చోట ఉంది. "వెనక్కి పడిపోయింది," అని చెప్పింది కోరిన్. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

డెల్బర్ట్ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. "నూట పన్నెండు. హమ్మయ్య! వాచ్‌మన్‌తో స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టించండి మేడమ్, గొడవ వదిలిపోతుంది." లారీ వచ్చిందేమోనని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

తన వెంట పైకి వచ్చిన ముసలాయనకి కోరిన్ పెన్ను అందించింది. ఆయన కాగితం మీద వంగాడు. చెయ్యి కదల్లేదు.

"ఈ పేరు పొద్దున్నే వాడికిచ్చేశానమ్మా," అన్నాడు మెల్లగా. "మళ్ళీ ఎలా రాయను?"

కోరిన్ కాగితం వెనక్కి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుంది.