ఎవరికీ భారం కాని పిల్ల

డులూత్ పట్టణంలో ఆ ఉదయం కూడా మంచు కురుస్తూనే ఉంది. ఆర్విడ్ కాఫీ కప్పు పట్టుకుని వంటింటికీ మెట్లకీ మధ్య తిరుగుతున్నాడు. పైగదిలో చప్పుడు లేకపోతే ఒక భయం, చప్పుడైతే ఇంకో భయం. కూతురు సోల్వే ఆత్మహత్యకు ప్రయత్నించి, బతికి, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి వారమైంది.

ఆమె దిగివచ్చింది. పక్కదుప్పటి అప్పటికే మడిచేసింది. నీళ్లు తాగిన గ్లాసును అక్కడికక్కడే కడిగి, తుడిచి, అరలో పెట్టేసింది. ఆమె ఆ ఇంట్లో ఉందనడానికి ఆనవాలే మిగలడం లేదు.

బల్లమీద ఆఖరి కేకు ముక్క ఉంది. ఆఖరి ముక్కను మొత్తంగా తీసుకోవడం ఆ ఊళ్లో మర్యాద కాదు. తల్లి మార్లిస్ సగం తీసుకుంది. సోల్వే మిగిలినదాంట్లో సగం తీసుకుంది.

"ఇలాగే సగం చేస్తూ ఇంకాస్త ఓపిక పట్టండి, పరమాణువు బయటపడుతుంది," అన్నాడు ఆర్విడ్. బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడు.

"నీ హాస్యం బడిపిల్లల దగ్గరే చెల్లింది. పాపం, వాళ్లకి మార్కులు కావాలిగా," అంది మార్లిస్.

సోల్వే పెదవి కదిలింది గాని అది నవ్వు కాలేదు. "డాక్టరు దగ్గరికి నేను బస్సులో పోతాన్లే నాన్నా. ఈ మంచులో నీకెందుకు ఇబ్బంది? అసలు ఇవాళ మానేసినా ఏం కాదు."

"చూశావా, ఈ స్థితిలోనూ మన గురించే ఆలోచిస్తోంది!" మార్లిస్ మురిసిపోయింది. "చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరికీ భారం కాని పిల్ల."

ఆర్విడ్ అడుగు ఆగిపోయింది.

ఆస్పత్రిలో మనస్తత్వ నిపుణురాలు కొన్ని ఆలోచనల తీరులను వివరించింది. అంతా సవ్యంగా ఉండాలి, లేకుంటే అంతా వ్యర్థం అనుకోవడం. నేటి బాధ ఎన్నటికీ తీరదనుకోవడం. తాను లేకపోతే అయినవాళ్లు సుఖపడతారనుకోవడం. ఇలా ఆలోచించేవాళ్లలో ఎక్కువమంది ప్రాణం మీదికి తెచ్చుకోరు కదా అని అతను సందేహం వెలిబుచ్చాడు. ఆమె ఒప్పుకుంది. "మబ్బులన్నీ కురవవు. అయినా మబ్బు పట్టినప్పుడు తల ఎత్తి చూస్తాం కదా," అంది. ఆ మబ్బు తన వంటింట్లోనే, మంచి నడవడి అనే పేరుతో మెప్పులు పొందుతోందని ఆర్విడ్‌కు ఇప్పుడు తట్టింది.

"సోల్వే, నువ్వు లేకపోతే మేం హాయిగా ఉంటామనుకుంటున్నావా?"

"ఆర్విడ్! పొద్దున్నే ఏం మాటలవి? లేనిపోనివి గుర్తుచేస్తావా?"

"మనం గుర్తుచేస్తే వచ్చే ఆలోచన కాదు మార్లిస్. మనం అడగలేదని పోయేదీ కాదు."

సోల్వే కిటికీ వైపు చూస్తూ అంది: "అనుకోవడం కాదు నాన్నా, లెక్క. నీ నడుంనొప్పి, అమ్మకి నిద్రలేకపోవడం, నేను మానేసిన ఉద్యోగం. నన్ను తీసేస్తే అన్నీ సరిపోతాయి."

"ఆ లెక్క తప్పు. ఎందుకంటే, మొదటిది..." అని మొదలుపెట్టాడు. ఆమె ముఖం ముడుచుకుపోవడం కళ్లెదుటే చూశాడు. వాదనలు గెలవడం అతనికి కొత్త కాదు. ఇది గెలిస్తే కూతురు మిగలదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూలబడ్డాడు.

"నాకు రుజువు చేయడం చేతకావట్లేదమ్మా. నువ్వు నన్ను ఇబ్బంది పెట్టాలి. నాకు ఆ ఇబ్బంది కావాలి."

మార్లిస్ కూతురి వైపు వంగి అడిగింది: "ఇవాళ కూడా వచ్చిందా, ఆ ఆలోచన?"

"పొద్దున వచ్చిందమ్మా. ఇప్పుడు కొంచెం తగ్గింది."

"నేను మెచ్చుకున్నానే..." మార్లిస్ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. "ఇన్నేళ్లూ నీలో దాన్నే మెచ్చుకున్నానే తల్లీ!"

ఆర్విడ్ కారు తాళం తీసుకున్నాడు. గుమ్మం దగ్గర సోల్వే ఆగింది.

"నాన్నా, నన్ను దింపేసి వెళ్లిపోకు. లోపలికి రా. అమ్మ కూడా రావాలి." తర్వాత, ఇంకా నెమ్మదిగా, "రాత్రి నన్ను ఒక్కదాన్నే పడుకోమనకండి. భయమేస్తోంది," అంది.

మార్లిస్ కోటు గుండీలు పెట్టుకోలేకపోయింది. కళ్లకు ఏమీ ఆనడం లేదు.

"వస్తాం. పక్కనే పడుకుంటాను," అంది వెక్కుతూ. "ఇంకా ఏం కావాలే? అడుగు. ఇంకా అడుగు."