చల్లటి నేల

పొద్దున్నే తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, మొన్న చూసొచ్చిన ఇంటికి అడ్వాన్సు ఇవ్వడానికి పెళ్లికొడుకులా సిద్ధమైపోయాడు సుబ్బన్న. కాఫీ తాగుతూ పదోసారి అదే మాట అన్నాడు.

"బయట ఎండలు మండిపోతాండాయి. ఆ ఇంట్లో కాలు పెడితే నేల ఎంత సల్లగా ఉండాదో! కర్నూల్లో అట్లాంటి ఇల్లు ఇంక యాడ దొరుకుతాది?"

కూతురు హేమావతి ఇక్కడే ఓ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. ఇల్లు వెతుక్కోవడానికి అమ్మానాన్నలు ఎమ్మిగనూరు నుంచి వచ్చి పది రోజులైంది. ముప్పై ఏళ్లు గుంతమగ్గంలో కూర్చుని బట్ట నేస్తూ కాళ్లాడించిన సుబ్బన్నకు మోకాళ్లు అరిగిపోయాయి. మూడు నెలల కిందట మగ్గం విప్పేసి, ఊళ్లో స్థలం అమ్మేశారు. ఆ డబ్బుతో ఓ ఇల్లు కొని అద్దెకిచ్చి, వచ్చే బాడుగ మీదే ఇద్దరి ముసలితనం గడవాలి. ఒకసారి కొన్నాక అది పనికిరాదని తేలితే మరో ఇల్లు కొనే శక్తి వాళ్లకు లేదు.

"నాయనా, ఆ వీధిలో అన్ని ఇండ్లకంటే అది మూడు లచ్చలు తక్కువ. ఎందుకని అడిగినావా?"

"ఓనరాయప్పకు దుడ్లు అవసరమంట. మన అదృష్టం!"

"రెండేండ్లలో నలుగురు బాడుగోళ్లు మారినారంట. నెలల తరబడి ఖాళీగా ఉంటే మీరేం తింటారు?"

"నువ్వు సదువుకున్నావు. ఇండ్లు సూసింది నేను."

"యాడ సూసినావు? గోడలు తట్టలేదు, మిద్దె ఎక్కలేదు. చెప్పులిడిచి నేల మీద నిలబడినావు, అంతే!"

సుబ్బన్న ముఖం ఎర్రబడింది. "నా దుడ్లు, నా ఇష్టం" అంటూ లేచాడు.

"కొట్లాటెందుకు? అందులో ఉండేవాళ్లనే అడుగుదాం పాండి" అంది తల్లి చౌడేశ్వరి.

ముగ్గురూ ఆటోలో వెళ్లారు. బాడుగకుంటున్న విశ్వాసమ్మ తలుపు తీసింది. ఓనరు దగ్గర్లో లేడు గనక ఏదీ దాచలేదు. గది మూల పరిచిన చాప ఎత్తి చూపించింది. అడుగంతా నల్లగా బూజు పట్టి ఉంది.

"పక్కనే వంక పారతాది గదన్నా, కింద నుంచి నీళ్లు ఊరుతాంటాయి. బిడ్డకు దగ్గు తగ్గేదే లేదు. వచ్చే నెల మేమూ పోతాండాం."

సుబ్బన్న కష్టంగా వంగి, నేల మీద అరచెయ్యి ఆనించాడు. ఎంతసేపటికీ తియ్యలేదు. సీమ పొడిగాలికి మగ్గం మీద పోగులు ఊరికే తెగుతాయి. నేల చెమ్మగా ఉంటే నూలు తెగదు. అలాంటి గది ఉన్న నేతగాణ్ణి చూసి ఎమ్మిగనూరులో వీధంతా కుళ్లుకునేది.

"మగ్గానికి శానా బాగుంటాదనుకున్నా పాపా." "మగ్గం లేదని నాకు గ్యాపకమే రాలేదు."

నేల మీద నిలబడ్డావంతే అని పొద్దున తానన్న మాటకు హేమావతి సిగ్గుతో కుంగిపోయింది. "తప్పయింది నాయనా" అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

"ఈ ఇల్లు వద్దులేమ్మా. ఇంగొకటి నువ్వే సూడు" అన్నాడు సుబ్బన్న.

చౌడేశ్వరి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇన్నేళ్లూ భర్త నేతకు రాట్నం మీద నూలు కండెలు చుట్టిన మనిషి ఆమె.

"మీ నాయన్నొక్కన్నే అనద్దు. మొన్న నేనూ ఆ కిటికీ పక్కన రాట్నం పెట్టుకోవచ్చని సూసినా."

సుబ్బన్న తలెత్తి భార్యను చూశాడు. ఈ మూడు నెలల్లో ఇద్దరూ మగ్గం ఊసెత్తలేదు. ఎదుటివాళ్లు బాధపడతారని ఎవరికి వారే దిగమింగుకున్నారు. ఇప్పుడు ఎవరిదో ఇంట్లో, ఆ చెమ్మ నేల మీద పక్కపక్కనే కూర్చుని, కూతురి ముందే ఇద్దరూ ఏడ్చారు.