కవరు విప్పని మొక్కలు

"కళ్ళు నెత్తికెక్కాయా? వెనక ఏముందో చూసుకోవద్దూ?"

నీళ్ళ ట్యాంకరును వెనక్కి తీస్తూ రెండు వరసల గులాబీ అంట్లను నలిపేసిన డ్రైవరుతో నర్సరీ అమ్మాయి అన్న మొదటి మాట అది.

"మిర్రర్‌లో మీరొక్కరే కనిపించారండీ!"

"అయితే నన్నే తొక్కించాల్సింది!"

షెడ్డులో కూర్చున్న ఆమె తండ్రి దగ్గుతూనే నవ్వి అతనికి తుఫాను అని పేరు పెట్టాడు. ఆ పేరే ఖాయమైంది. తుఫాను రోజూ ఒక ట్రిప్పు ఎక్కువే వేసేవాడు. నీళ్ళెక్కువై మొక్కలు కుళ్ళిపోతాయని ఆమె తిట్టేది. ట్యాంకరు ఆలస్యమైతే మాత్రం గేటు దగ్గరే నిలబడేది.

ఆ సంబరం ఎంతో కాలం సాగలేదు. తండ్రి ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో చేరాడు. తను పెంచిన చివరి నలభై మొక్కల్ని ఆసుపత్రి కిటికీ ఎదురుగా రోడ్డు పక్కన నాటితే చూడాలని ఆయన కోరిక. డాక్టరు రెండు రోజులే అన్నాడు. ఆమె మంచం దగ్గర్నుంచి కదల్లేదు. తుఫాను ఒక్కడే గునపం పట్టాడు. పొద్దుగూకేసరికి నలభై మొక్కలూ నిలబడ్డాయి. పెద్దాయన వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. తెల్లారాక తెరవలేదు.

రెండేళ్ళయింది. ఇద్దరి ఇళ్ళలోనూ వాళ్ళ పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. రోడ్డు పక్కన మాత్రం మొదటి అయిదే ఎదిగాయి. మిగతావి వానలు దంచికొడుతున్నా వాడిపోతున్నాయి. ఓ ఉదయం ఆమె వానలోనే ఒకదాన్ని పెకలించింది. మట్టితో పాటు నర్సరీ నల్ల ప్లాస్టిక్ కవరు వచ్చింది. లోపల వేళ్ళు బయటికి దారిలేక చుట్టలు చుట్టుకున్నాయి.

ట్యాంకరు దిగిన తుఫాను ఆ కవరు చూసి ఆగిపోయాడు.

"కవరు చీల్చి నాటాలని నీకు తెలీదా?"

"తెలుసు. మీ నాన్నగారే నేర్పారు. అయిదింటికి అలాగే చేశాను. పొద్దు వాలిపోతోంది, ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. తర్వాత తీసి సరిచేద్దాంలే అనుకున్నా."

"మరి చేశావా?"

"ఆయన పోయారు. నీకు చెబితే నువ్వూ దూరమవుతావని భయపడ్డాను."

"రెండేళ్ళు! రోజూ నా పక్కనే నిలబడి వీటికి నీళ్ళు పోశావు!"

ఆమెకు అతని మీద కోపం, నాన్న మీద బెంగ ఒక్కసారే పొంగుకొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని అడిగింది.

"నాన్న ఎన్ని లెక్కపెట్టాడో నీకు తెలుసా?"

"నలభై. రెండుసార్లు. రోడ్డు మీంచి ఆయన వేలే చూస్తూ నిలబడ్డాను."

ఆమె సంచిలోంచి చాకు తీసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా ఇద్దరూ సాయంత్రం దాకా తవ్వారు. ముప్ఫై అయిదింటిలో పద్నాలుగింటికే ప్రాణముంది. ఇరవై ఒక్క గుంటలు ఖాళీగా మిగిలాయి.

మర్నాడు ఆమె కొత్త మొక్కలు తెచ్చింది. ముసురు వదల్లేదు.

"ఇవి బతికేదీ లేనిదీ మూడేళ్ళకి గానీ తేలదు. అన్నాళ్ళూ నాకు తోడుగా నీళ్ళు పోసే మనిషి కావాలి. ఏదీ దాచని మనిషి. ఇంకేమైనా దాచావా?"

తుఫాను ట్యాంకరు వైపు చూశాడు. "ఒక్కటుంది. ఆ గులాబీల రోజు... ట్యాంకరుకి అసలు మిర్రరే లేదు."

"తెలుసు. ఆ రోజే చూశాను," అంటూ ఒక మొక్క అందించింది.

అతను కవరు చీల్చి, ఆమెకు చూపించి, మట్టిముద్ద చెదరకుండా గుంటలోకి దించాడు.